పాత సైకిలు హబ్బుల వయోనిర్ణయము

పాత వస్తువును చూచినంతనే మనము మొట్టమొదట వేయు ప్రశ్న యొక్కటే: "ఇది యెన్నాళ్ళ నాటిది?" తాటియాకు గ్రంథమైనను, గుడి ముంగిటి శిలాశాసనమైనను, మూలగదిలో బూజుపట్టిన సైకిలైనను ప్రశ్నలో భేదము లేదు. సమాధానము వెదకు పద్ధతిలోను పెద్ద భేదము లేదని నేటి ప్రసంగములో మనవి చేయదలచినాను. శాసనమున శకవర్షము చెక్కియున్నచో పని సుళువు. లేనిచో లిపిని బట్టి, రాతిని బట్టి, అందు పేర్కొన్న రాజులను బట్టి కాలము నిర్ణయింపవలెను. సైకిలునకు కూడ అట్టి శాసనమొకటి కలదు. అది వెనుక చక్రము నడుమ, నూనెజిడ్డు క్రింద, ఎవరి కంటను పడక దాగియుండును. అదియే హబ్బు.

బండిచక్రమునకు కుండ యెట్టిదో సైకిలు చక్రమునకు హబ్బు అట్టిది. దాని నడుమగా ఇరుసు పోవును. లోపల ఉక్కుగోలీలపై హబ్బు తిరుగును. దాని రెండు కొనలయందును రెండు అంచులు, ఆ యంచులకు వరుసగా రంధ్రములు ఉండును. ఆ రంధ్రములనుండి ఊచలు బయలుదేరి రిమ్మును చేరును. బండిచక్రపు టాకులు బరువును క్రిందినుండి మోయగా, సైకిలు ఊచలు బిగియ లాగబడి చక్రమును నిలుపును. ఈ లాగుడంతయు వచ్చి పడునది హబ్బుమీదనే. కావున దానిని గట్టి లోహముతో చేయుదురు. రంగు పోయినను, రిమ్ము త్రుప్పు పట్టినను, జీను చినిగినను హబ్బు నిలిచియుండును. పాత సైకిలు వయస్సు తెలిసికొనగోరువారు హబ్బును ఆశ్రయించుటకు ఇది యొక కారణము.

రెండవ కారణము కూడ కలదు. సైకిలు చట్రముపై చెక్కిన సంఖ్య సామాన్యముగా వరుససంఖ్య మాత్రమే. తయారించినవారి లెక్కపుస్తకము చేతనున్నగాని దానిని చదువలేము. కొన్ని హబ్బులపైని యంకె అట్టిది కాదు. చదువ నేర్చినవానికి అది తనంతట తానే కాలము చెప్పును.

ఈ విషయమున నాకు శ్రద్ధ కలుగుటకు మా యింటి తగవొకటి కారణము. మా తాతగారు కోనసీమలో ఎల్.ఎం.పి. వైద్యులు. కాలువగట్ల వెంబడి పల్లెపల్లెకు సైకిలుపై పోయి వైద్యము చేసెడివారు. ఆ సైకిలు ఇంగ్లండున నాటింగుహాములో తయారైన రాలీ. వెనుక చక్రమున మూడు గేర్లు గలది. కోనసీమ పల్లపు నేల. ఎత్తులెక్కుటకై అచ్చట గేర్లతో పని లేదు. కాని ఎదురుగాలి వీచునప్పుడు గట్టుపై పోవువానికి గేర్ల విలువ తెలియునని తాతగారు చెప్పెడివారట. అది 1938లో కొన్న బండి యని మా యింట వాడుక.

రెండేండ్ల క్రిందట మా తమ్ముని కుమారుడు దానిని మూలగదినుండి బయటికి తీసి, తుడిచి, హబ్బుపై నున్న అక్షరములు చదివినాడు. చదివి, "పెదనాన్నగారూ, ఇది 1953 నాటి బండండీ. ముప్ఫైఎనిమిది అన్నదంతా మనవాళ్ళు కట్టిన కథ" అని తేల్చివేసినాడు. మా మేనత్తగారు ఆ ప్రక్కనే కూర్చుండి యుండిరి. ఆమెకు ఎనుబదియైదేండ్లు దాటినవి. చిన్ననాట ఆ సైకిలు ముందు గొట్టముపై కూర్చుండి తండ్రితో బడికి పోయిన మనిషి. "మా నాన్నగారు అబద్ధమాడి ఎరగరురా, అబ్బాయీ" అని మాత్రమనిరి. అటుపై రెండు దినములు ఆమె ఎవరితోను సరిగా మాటలాడలేదు. ఇనుపముక్కపై నున్న అంకె నిజమా, ఎనుబదియేండ్ల జ్ఞాపకము నిజమా యని నేను విచారణకు దిగితిని. వాడు చదివినది తప్పు కాదు. ఆమె చెప్పినదియు తప్పు కాదు. అది యెట్లు పొసగినదో చివర మనవి చేసెదను. ముందు ఆ హబ్బు కథ వినుడు.

అది స్టర్మీ-ఆర్చరు హబ్బు. బ్రిటిషు సైకిళ్ళలో గేర్లనగానే వినవచ్చు పేరు ఇదియే. నాటింగుహాములో రాలీ కర్మాగారమునకు అధిపతి ఫ్రాంకు బౌడెను. హెన్రీ స్టర్మీ సైకిళ్ళను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ పత్రికారచయిత. జేమ్సు ఆర్చరు యంత్రకారుడు. స్టర్మీ, ఆర్చరుల పేర మూడు గేర్ల హబ్బు 1902 ప్రాంతమున వెలువడెను. 1903లో దాని తయారీకై ప్రత్యేక సంస్థ యేర్పడెను. కాని ఆ హబ్బు రూపకల్పనలో ముఖ్యమైన చేయి విలియం రైలీ అను మరియొక ఇంజనీరుది. ఆయన అంతకుముందే రెండు గేర్ల హబ్బు నొకదానిని కల్పించి, ఆ విషయమై వేరొక సంస్థతో ఒడంబడిక చేసికొని యుండెను. అందుచే కొత్త హబ్బునకు హక్కుపత్రము తన పేర తీయ వీలులేకపోయెను. అది ఆర్చరు పేర వెలువడెను. చూచితిరా, హబ్బుపై నున్న పేరు కూడ నిజములో కొంత మాత్రమే చెప్పుచున్నది. ఈ మాట మనకు మున్ముందు పనికివచ్చును.

హబ్బు లోపలి యమరికను గ్రహమండలముతో పోల్చుట ఆచారము. నడుమ ఇరుసునకు అంటుకొనియున్న కదలని పళ్ళచక్రము సూర్యుడు. దాని చుట్టును తిరుగు చిన్న పళ్ళచక్రములు గ్రహములు. వానిని చుట్టియుండునది లోపలివైపున పళ్ళు గల కంకణము. ఏ.డబ్ల్యు. అను రకమున సూర్యునకు 20 పళ్ళు, కంకణమునకు 60 పళ్ళు. ఇరువదిని అరువదిచే భాగించిన మూడవవంతు వచ్చును. కనుకనే పై గేరులో హబ్బు, గొలుసు త్రిప్పుదానికంటె మూడవవంతు అధికముగా తిరుగును. క్రింది గేరులో నాల్గవవంతు తక్కువగా తిరుగును. నడిమి గేరులో ఉన్నదున్నట్లు తిరుగును. ఇంత నేర్పు అరచేతిలో పట్టు గొట్టములో ఇమిడియున్నది.

ఇక వయస్సు తెలిసికొను విధానము. హబ్బుపై మూడు సంగతులు చదువవలెను: పేరు, రకము, అంకె. పేరు ఎవరు చేసిరో చెప్పును. రకమును తెలుపు అక్షరములు కాలమునకు హద్దులు చెప్పును. అంకె ఆ హద్దుల నడుమ సంవత్సరమును చెప్పును. ఈ మూడింటిని కలిపి చదువవలెనేగాని విడదీసి చదువరాదు.

ఉదాహరణము చూడుడు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన కాలమునుండి 1930ల నడిమివరకు ముఖ్యముగా తయారైన రకము కె. దాని తరువాత 1936లో వచ్చినది ఏ.డబ్ల్యు. యుద్ధమునకు పూర్వము ఈ రకములపై సంవత్సరపు చివరి యంకెను మాత్రమే చెక్కెడివారు. ఇప్పుడు ఒక హబ్బుపై 8 అను అంకె కనబడినదనుకొందము. అది 1928 కావచ్చును, 1938 కావచ్చును. అంకె యొక్కటే చూచినచో తేలదు. దాని ప్రక్కన కె అను అక్షరమున్నచో 1928, ఏ.డబ్ల్యు. అని యున్నచో 1938. కె రకము 1938లో లేదు; ఏ.డబ్ల్యు. 1928లో పుట్టలేదు. మన పంచాంగములో సంవత్సరముల పేర్లు అరువదేండ్లకు మరల వచ్చునట్లు ఈ యొంటి యంకె పదేండ్లకు మరల వచ్చును. శాసనమున "విజయనామ సంవత్సరము" అని మాత్రమున్నచో, ఏ విజయ యని రాజు పేరును బట్టి తేల్చుదుము గదా. ఇదియు అట్టిదే.

ఏ.డబ్ల్యు. లోని చివరి యక్షరము గేర్ల నడుమ నుండు ఎడము పెద్దదని తెలుపును. ఏ.ఎం. మధ్యరకము, ఏ.సి. దగ్గరి గేర్లది. ఎఫ్ అను అక్షరముతో మొదలగు ఎఫ్.డబ్ల్యు. నాలుగు గేర్లది. ఏ.జి. యనునది వెలుతురునిచ్చు డైనమోతో కూడిన మూడు గేర్ల హబ్బు. 1950ల నడుమ ఎస్.డబ్ల్యు. అను రకము వచ్చి, కొలదియేండ్లు మాత్రమే నిలిచినది. అయిదు గేర్ల ఎస్.5 వచ్చినది 1966లో. కాబట్టి ఎస్.5 హబ్బు గల చక్రమును చూపి ఎవరైన "ఇది యుద్ధమునకు పూర్వపుది" అన్నచో అంకెతో పనిలేకయే కాదనవచ్చును.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత పద్ధతి మారినది. సంవత్సరపు చివరి రెండంకెలును, మాససంఖ్యయు చెక్కసాగిరి. 56, దాని ప్రక్కన 3 ఉన్నచో 1956 మార్చి మాసమని యర్థము. ఇందు రెండు సంఖ్యలలో ఏది ముందు, ఏది వెనుక యను చిక్కు కలుగవచ్చును. మాసములు పండ్రెండే గదా. ఒక సంఖ్య పండ్రెండునకు మించినచో అది సంవత్సరము, చిన్నది మాసము.

ఇక మోసపుచ్చు అంకెలు కొన్ని కలవు. ముందుచక్రమున వెలుతురుకై అమర్చు డైనమో హబ్బులపై జి.హెచ్.12, జి.హెచ్.8, జి.హెచ్.6 అని యుండును. ఇందు 12, 8, 6 అనునవి సంవత్సరములు కావు, విద్యుత్తు వోల్టులు. 1930ల నడిమి తరువాత వచ్చిన తొలి డైనమో హబ్బు 12 వోల్టులది. అటుపై 8, ఆపైని 6. అంకె తగ్గుచు వచ్చినది గాని కాలము వెనుకకు పోలేదు. అట్లే కొన్ని హబ్బులపై 40 అని యుండును. దానిని చూచి 1940 అనుకొనువారు కలరు. అది ఊచల రంధ్రముల సంఖ్య. లెక్కించి చూచిన అనుమానము తీరును.

రంధ్రములను లెక్కించుట మరియొక విధమునకూడ ఉపయోగపడును. బ్రిటిషు పద్ధతిలో ముందుచక్రమునకు 32, వెనుకచక్రమునకు 40 ఊచలు. ఇతర దేశములలో రెంటికిని 36 చొప్పున వేయుట ఎక్కువ వాడుక. మన దేశపు సాధారణ నల్లసైకిలునకు 32, 40 అలవాటైనది బ్రిటిషు సంప్రదాయమువల్లనే. ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలెను. హెర్క్యులీసు, ఫిలిప్సు, బి.ఎస్.ఏ. అను పేర్లు మొదట ఇంగ్లండు పేర్లు. 1949లో మదరాసులో టి.ఐ. సైకిల్సు సంస్థ యేర్పడిన తరువాత ఆ పేర్లతో ఇచ్చటను సైకిళ్ళు తయారైనవి. ఆసన్‌సోలులో సేన్-రాలీ కర్మాగారము వెలసినది. కావున ముందుబిళ్ళపై పేరు చూచి బండి సీమదని తలపరాదు. హబ్బుపై దేశము పేరు చెక్కియున్నదేమో చూడవలెను.

తేదీ చెక్కని హబ్బులు వేలకొలది కలవు. గేర్లు లేని సాధారణపు హబ్బులలో పెక్కింటిపై చేసినవారి పేరు తప్ప మరేమియు నుండదు. వానిని శాసనపు లిపిని చదివినట్లు చదువవలెను. మొదట పూత చూడుడు. 1920ల చివరివరకు మెరుగుపూత నికెలుది. అది కొంచెము పసుపుచాయ గలిగి, కాలక్రమమున మసకబారును. ఆ తరువాత వచ్చినది క్రోమియము. అది నీలిచాయ గల తెలుపు. రెండవది నూనె పోయు మూత. పాతవానికి లోహపు మూత స్ప్రింగుతో తెరచుకొని మూసికొనును. తరువాతివానికి ప్లాస్టికు మూత వచ్చినది. మూడవది స్టర్మీ-ఆర్చరు హబ్బులలో వెనుక పళ్ళచక్రము బిగించు తీరు. 1950ల ఆరంభమువరకు అది మరచుట్లతో త్రిప్పి బిగించునది. తరువాత మూడు గాళ్ళలో ఇమిడి, పైని తీగచుట్టుతో నిలుచు పళ్ళచక్రము వాడుకలోనికి వచ్చినది. నాలుగవది గేరు మార్చు మీట. సైకిలు పైగొట్టమునకు బిగించు మీట పూర్వపద్ధతి. చేపిడిపై వ్రేలితో లాగు చిన్నమీట 1930ల చివర వచ్చి, యుద్ధమునకు తరువాత వ్యాపించినది. ఇందు ఏ యొక్క గురుతును తనంతట తాను సాక్ష్యము కాదు. మూడు నాలుగు కలిసి ఒకే మాట చెప్పినప్పుడే నమ్మవలెను.

ఇతర దేశముల హబ్బులలో చదువు వేరు. జర్మనీలో ష్వైన్‌ఫుర్టు పట్టణమున ఫిక్టెల్, జాక్సు అనువారి సంస్థ 1903లో టార్పెడో అను హబ్బును తెచ్చినది. పెడలును వెనుకకు త్రొక్కిన ఆగు బ్రేకు అందే యిమిడియుండును. టార్పెడో హబ్బులలో పెక్కింటిపై సంవత్సరపు రెండంకెలు కనబడును. అమెరికాలో ఎల్మైరా పట్టణమున తయారైన మారో హబ్బులలో కొన్నింటిపై ఒక అక్షరము, ఒక అంకె యుండును. అక్షరము సంవత్సరమునకు, అంకె ఆ సంవత్సరములోని మూడుమాసముల భాగమునకు గురుతు. జపానులో షిమానో సంస్థ 1970లనుండి రెండక్షరములు చెక్కసాగెను. మొదటిది సంవత్సరము, రెండవది మాసము. ఇటలీలో కంపాన్యోలో పందెపు హబ్బుల ఇరుసునట్టుపై సంవత్సరపు రెండంకెలు చెక్కెడివారు. ఈ చివరిదానిలో ఒక పాఠము కలదు. నట్టు సులభముగా ఊడును. మరియొక హబ్బునకు చేరును. నట్టు చెప్పు తేదీ నట్టునకే చెందును. దానిని హబ్బున కంటగట్టుటకు ముందు ఆ రెండును కలిసి పుట్టినవా యని చూడవలెను.

ఈ పాఠమునే మరికొంత పెంచి చూతము. స్టర్మీ-ఆర్చరు హబ్బుపై తేదీ యున్నది పైతొడుగుమీద. లోపలి యంత్రమున కది చెందదు. ఏ.డబ్ల్యు. రకము దశాబ్దులపాటు పెద్ద మార్పు లేక తయారైనది. కావున 1938 నాటి తొడుగులో 1970 నాటి లోపలిభాగములు ఇమిడి, బండి హాయిగా నడచుచుండవచ్చును. హబ్బు చక్రమునకు చెందును; చక్రము మారవచ్చును. హబ్బు కర్మాగారమున తయారైన దినముననే సైకిలు సిద్ధము కాదు. విడి హబ్బు దుకాణపు టరపై ఏండ్లతరబడి నిదురింపవచ్చును. కాబట్టి హబ్బుపై తేదీ చెప్పునది ఒకే మాట: "నా తొడుగు ఇంతకుముందు లేదు, నన్ను ఈ చక్రమున బిగించినది ఇంతకుముందు కాదు." అంతకుమించి సైకిలు వయస్సును గూర్చి అది ప్రమాణము చేయలేదు.

చదువు పద్ధతి కూడ చెప్పవలెను. హబ్బును గరుకు కాగితముతో రుద్దరాదు. చెక్కిన గీతలు మిక్కిలి లోతులేనివి. ఒక్కసారి రుద్దినచో అంకె శాశ్వతముగా పోవును. క్రొత్త పూత వేయించుట మరింత ప్రమాదము. పూతకు ముందు మెరుగుపెట్టుటలోనే అక్షరములు అరుగును. కిరసనాయిలులో ముంచిన మెత్తని గుడ్డతో జిడ్డు తుడువవలెను. ఊచల నడుమ పాత పండ్లకుంచెతో మెల్లగా తోమవలెను. ఆరిన పిమ్మట సుద్దపొడి అద్ది, పైపైని తుడిచినచో గీతలలో పొడి నిలిచి అంకె తెల్లగా కనబడును. దీపమును ప్రక్కనుండి చూపిన మరింత తేటపడును. పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్ది నకలు తీసికొనవచ్చును. శాసనపరిశోధకులు చేయునదియు ఇట్టిదే గదా. 3ను 8గాను, 5ను 6గాను పొరబడుట తరచు జరుగును. ఇద్దరు వేరువేరుగా చదివి, పిమ్మట పోల్చుకొనుట మేలు.

ఇక మా యింటి తగవునకు వచ్చెదను. మేము సుద్ద అద్ది చూచితిమి. ఏ.డబ్ల్యు., దాని ప్రక్కన 53, ఆపైన 9. అనుమానము లేదు; ఆ తొడుగు 1953 సెప్టెంబరు మాసపుది. పిల్లవాడు చదివినది సరియే. కాని వాడు చూడని గురుతొకటి నాకు కనబడినది. గేరు మీట చేపిడిపై నున్నది, క్రొత్త పద్ధతి. సైకిలు పైగొట్టముపై మాత్రము, జీనునకు జానెడు ముందుగా, రెండంగుళముల మేర రంగు అరిగి, ఏదో పట్టుబిళ్ళ బిగించియుండిన జాడ తెలియుచున్నది. ప్రాతమీట ఉండవలసిన చోటు అదియే. అనగా ఆ చట్రమునకు ఇప్పుడున్న మీటకంటె పాతమీట యొకటి పూర్వముండినది. మీట మారినచో హబ్బు మారియుండరాదా?

అప్పుడు మేనత్తగారి నడిగితిని: "అత్తయ్యా, ఈ సైకిలు ఎప్పుడైనా పాడయిందా?" ఆమె క్షణమాలోచింపలేదు. "వరదలో పోలేదూ! వంటింటి గోడ కూలి వెనకచక్రం మీద పడింది. మీ తాతయ్య ఆర్నెల్లు కాలినడకనే ఊళ్ళు తిరిగారు" అనిరి. 1953 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహాప్రవాహము ఆ జిల్లాలలో పెద్దలెవ్వరును మరువనిది. ఆమెకు అప్పటికి పదునారేండ్లో పదునేడేండ్లో. ఇన్నాళ్ళును ఆ సంగతి ఆమె యెందులకు చెప్పలేదని మీరడుగవచ్చును. ఎవ్వరును అడుగలేదు. మేమందరమును సైకిలు ఎప్పుడు కొన్నారని యడిగితిమిగాని, ఆ తరువాత దానికేమైనదని యడుగలేదు.

తాతగారి ఖాతాపుస్తకములు చెక్కపెట్టెలో పదిలముగా నుండినవి. పిల్లవాడు వానిని దింపి రెండు సాయంకాలములు వెదకినాడు. విజయనామ సంవత్సర మాఘమాసపు పద్దులలో, మందుల ఖర్చుల నడుమ, ఒక వ్రాత: సైకిలు వెనుకచక్రమునకు గేరు హబ్బు, మీట, మదరాసునుండి, చక్రము కట్టిన కూలి వేరు. పంచాంగము లెక్కవేసి చూడగా అది 1954 ఫిబ్రవరి. ఆగస్టులో వరద, సెప్టెంబరులో నాటింగుహామున హబ్బు పుట్టినది, ఓడలో సముద్రము దాటి ఫిబ్రవరికి మా యూరి చక్రమున చేరినది. ఆర్నెల్ల కాలినడక యని మేనత్తగారన్న మాట లెక్కకు సరిపోయినది. పిల్లవాడు ఆ పుటను తెచ్చి ఆమె యెదుట పట్టుకొని చదివినాడు. తరువాత మెల్లగా, "తప్పు నాదే నానమ్మా" అన్నాడు. ఆమె నవ్వి, "నువ్వు చదివింది సరిగ్గానే చదివావురా. సగమే చదివావు" అనిరి.

ఈ కథకు తరువాయి యొకటి కలదు. పాతవస్తువులు కొని యమ్ము వర్తకుడొకడు సైకిలు సంగతి విని మా యింటికి వచ్చినాడు. చూచి, బాగున్నదని మెచ్చి, "హబ్బు ఒక్కటే అడ్డం వస్తోంది బాబుగారూ. ముప్ఫైఎనిమిది నాటి తొడుగు నా దగ్గరుంది. మార్చేస్తే అంతా ఒక్క సంవత్సరానిదే అవుతుంది, ధర రెట్టింపు పలుకుతుంది" అన్నాడు. ఆలోచింపుడు. అట్లు చేసినచో అంకె మా మేనత్తగారి మాటను బలపరచును, చూచువారందరును నమ్ముదురు. కాని అది దొంగసాక్ష్యము. తాతగారు వరదబురదలో ఆర్నెల్లు నడచి రోగులను చూచిన సంగతికి ఆ సైకిలుపై మిగిలిన ఒకే గురుతు ఆ 53 అను అంకె. దానిని తీసివేసినచో ధర పెరుగును; చరిత్ర తరుగును. వర్తకునకు మర్యాదగా నమస్కారము చెప్పి పంపితిమి.

పాతసైకిళ్ళను మక్కువతో కొనువారికి ఒక్కమాట. అమ్మువాడు చెప్పు సంవత్సరమును హబ్బుతోను, హబ్బు చెప్పు సంవత్సరమును చట్రముతోను, రెంటిని ఇంటి పెద్దల మాటతోను సరిచూచుకొనుడు. మూడును ఏకమైనచో సంతోషింపుడు. భేదించినచో వెంటనే ఎవరినో అబద్ధీకులని తలపకుడు. భేదమున్నచోటనే తరచు కథ యుండును. మీ యింట పాత సైకిలున్నచో, హబ్బుపై సుద్ద అద్దుటకు ముందు ఇంటిలోని పెద్దవారి ప్రక్కన కూర్చుండి అడుగుడు. హబ్బుపై అంకె మరి యాబదేండ్లైనను నిలుచును; వారి జ్ఞాపకము అంతకాలము మనకు దొరకదు.

నాటింగుహాములోని స్టర్మీ-ఆర్చరు కర్మాగారము 2000లో మూతపడినది. ఆ పేరును, సామగ్రిని తైవాను దేశపు సన్‌రేసు సంస్థ కొన్నది. మా యింటి హబ్బు మాత్రము ఇప్పటికిని నూనె పోసిన మూడు గేర్లలోను తిరుగుచున్నది. దాని జీను క్రింద మా పిల్లవాడు చిన్న అట్టముక్క కట్టినాడు. అందు తన చేతివ్రాతతో ఇట్లు వ్రాసినాడు: "చట్రము: ఇంటివారి మాట ప్రకారము 1938. వెనుక హబ్బు: 1953 సెప్టెంబరు. బిగించినది 1954 ఫిబ్రవరి, వరద తరువాత." ఇంతకంటె సరియైన వయోనిర్ణయము నాకు చేతకాదు. తెలిసినది తెలిసినంతవరకు, విన్నది విన్నదిగా, రెంటిని కలుపక వ్రాసినాడు.